కాళ్లకు కట్టుకునే యంత్రం: దేనితో పోలిస్తే మేలు?

సభకు నమస్కారం.

నన్ను మాట్లాడమని కోరిన విషయం ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది. కాళ్లకు తొడుక్కునే ఎక్సోస్కెలిటన్లు నడకకు నిజంగా సాయపడతాయా? నేను ఫిజియోథెరపిస్టుని. నడక పోయినవారితోను, నడక తగ్గినవారితోను పనిచేసేవారు ఎవరైనా ఇప్పుడు ఈ ప్రశ్నను తరచుగా వింటూనే ఉంటారు. వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడిన యువకుడు అడుగుతాడు. పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే తండ్రి కోసం కూతురు అడుగుతుంది. జబ్బంటూ ఏమీ లేకపోయినా మెట్లు చూస్తేనే ఆయాసం వస్తున్న పెద్దాయన అడుగుతాడు. అందరూ ఫోనులో ఇంచుమించు ఒకే రకం వీడియో చూపిస్తారు. నేను వారికి ఇవ్వగలిగిన జవాబులు మాత్రం వేరువేరు.

సాయపడుతుంది అన్న మాట ఒంటరిగా నిలబడదు. దేనితో పోలిస్తే సాయపడుతుంది అన్నది తేలితేనే దానికి అర్థం వస్తుంది. ఆ యంత్రాన్నే కట్టుకుని, మోటారు ఆపేసి నడిచిన నడకతో పోలిస్తేనా? దాన్ని విప్పేసి, మన చెప్పులతో మనం నడిచిన నడకతోనా? చక్రాల కుర్చీలో అదే దూరం వెళ్లడంతోనా? అంతే సమయం ఫిజియోథెరపిస్టు దగ్గర చేసిన వ్యాయామంతోనా? ఒకే యంత్రం మొదటి పోలికలో ఘనంగా గెలిచి, రెండో పోలికలో అంతంతమాత్రంగా నిలిచి, మూడో పోలికలో ఓడిపోవచ్చు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ పోలిక చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా, ఆ వస్తువేమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. పీతకు, పేడపురుగుకు గట్టి పెంకు ఒంటి బయట ఉన్నట్టే, మనిషి కాలికి బయట నుంచి అమర్చే చట్రాన్ని ఎక్సోస్కెలిటన్ అంటున్నారు. కొన్ని తుంటి దగ్గర, కొన్ని మోకాలి దగ్గర, కొన్ని చీలమండ దగ్గర పనిచేస్తాయి. రెండు కాళ్లూ పూర్తిగా చచ్చుబడినవారి కోసం చేసినవి తుంటినీ మోకాలినీ కలిపి కదిలిస్తాయి. కొన్నిటిలో లోహపు కడ్డీలు ఉంటాయి, కొన్ని బట్టతోను సన్నని తీగలతోను కుట్టిన తొడుగుల్లా ఉంటాయి. కొన్నిటికి మోటారూ బ్యాటరీ ఉంటాయి, కొన్నిటికి స్ప్రింగు ఒక్కటే ఆధారం.

ఈ ఆలోచన పాతదే. రష్యాకు చెందిన నికొలాయ్ యాగ్న్ నడకను, పరుగును, గెంతడాన్ని తేలిక చేసే స్ప్రింగుల పరికరానికి 1890లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ హార్డిమన్ పేరుతో ఒక భారీ యంత్రాన్ని తలపెట్టింది. అది దాదాపు 680 కిలోల బరువు తూగింది. చివరికి దాని ఒక్క చేయి మాత్రమే పనిచేసింది తప్ప మొత్తం యంత్రం మనిషిని లోపల పెట్టుకుని నడిచిన రోజు రాలేదు. అదే కాలంలో బెల్‌గ్రేడ్‌లోని మిహాయిలో పుపిన్ సంస్థలో మియోమిర్ వుకోబ్రాటోవిచ్ బృందం కాళ్లు చచ్చుబడినవారి కోసం యంత్రాలను రూపొందించడం మొదలుపెట్టింది. ఈ రంగంలో బలం పెంచడం ఒక దారి అయితే, పోయిన నడకను తిరిగి ఇవ్వడం మరో దారి. నాకు రెండోదే దగ్గరైనా, మొదటి దారిలో నేర్చుకున్న పాఠం తెలియకపోతే రెండోదాని కష్టం అర్థం కాదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆరోగ్యంగా ఉన్న మనిషి నడక ఇప్పటికే చాలా పొదుపైనది. నిలిపిన కాలి మీద ఒళ్లు లోలకంలా ముందుకు ఊగుతుంది. పిక్క కండరాన్ని మడమకు కలిపే లావాటి స్నాయువు రబ్బరులా సాగి, కాలు నేలను వదిలే క్షణంలో ఆ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. ఇంత పొదుపుగా సాగుతున్న పనికి బయటి నుంచి సాయం చేయాలంటే, చేసే సాయం కంటే తెచ్చిపెట్టే బరువు తక్కువగా ఉండాలి. అదీ కాలికి కట్టే బరువు. వీపు మీద మోసే కిలోకీ, పాదానికి కట్టుకునే కిలోకీ చాలా తేడా ఉంది. పాదం ప్రతి అడుగులోనూ ఆగి, మళ్లీ వేగం పుంజుకోవాలి కాబట్టి అక్కడి బరువు ఒంటికి ఎన్నో రెట్లు భారమవుతుంది.

2007లో ఎంఐటీ పరిశోధకులు బరువులు మోసేవారి కోసం తయారుచేసిన కాలి చట్రం ఈ సంగతిని కళ్లకు కట్టింది. వీపున 36 కిలోల బరువు పెడితే, ఒంటికాలి మీద నిలిచే దశలో అందులో సగటున 80 శాతాన్ని ఆ చట్రం నేరుగా నేలకు దించింది. ఇంజనీరు కోరుకున్నది జరిగింది. కానీ మోసిన మనిషి ఖర్చుచేసిన శక్తిని కొలిస్తే, అదే బరువును మామూలు సంచిలో మోసినప్పటి కంటే 10 శాతం ఎక్కువైంది. భారం నేలకు దిగినా ఆయాసం మనిషికే మిగిలింది.

ఆ శక్తిని ఎలా కొలుస్తారో కూడా చెప్పాలి. ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి, పీల్చుకున్న ఆక్సిజనెంతో వదిలిన కార్బన్ డయాక్సైడెంతో లెక్కకట్టి, నడకకు ఒంట్లో ఎంత ఇంధనం కాలిందో తేలుస్తారు. ఈ కొలమానంలో మామూలు నడక కంటే తక్కువ ఖర్చుతో నడిపించిన యంత్రం చాలాకాలం రాలేదు. 2013లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వారు చీలమండకు గాలి ఒత్తిడితో సాయం అందించి 6 శాతం తగ్గించగలిగారు. అయితే ఆ గాలి బయటి గొట్టాల నుంచి రావాలి, మనిషి ట్రెడ్‌మిల్ మీద ఉండాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 2015లో స్టీవెన్ కాలిన్స్, బ్రూస్ విగ్గిన్, గ్రెగరీ సవిక్కి నేచర్ పత్రికలో ప్రచురించినది. దానిలో మోటారు లేదు, బ్యాటరీ లేదు. మోకాలి కింద నుంచి పాదం దాకా కార్బన్ ఫైబరుతో చేసిన తేలికైన చట్రం; పిక్క వెనక, మన స్నాయువుకు సమాంతరంగా, ఒక స్ప్రింగు; దాని పైకొసన చిన్న క్లచ్. మడమ నేలకు తాకగానే క్లచ్ పట్టుకుంటుంది. ఒళ్లు పాదం మీదుగా ముందుకు కదిలే కొద్దీ స్ప్రింగు సాగుతుంది. మడమ లేచే వేళకు ముడుచుకుంటూ పాదాన్ని వెనక్కి తంతుంది. కాలు గాలిలోకి లేవగానే క్లచ్ వదిలేస్తుంది కాబట్టి కాలివేళ్లు పైకి ఎత్తుకోవడానికి అడ్డం రాదు. అంతే. ఈ మాత్రానికి నడక ఖర్చు 7 శాతం పైచిలుకు తగ్గింది, అదీ యంత్రమే లేని మామూలు నడకతో పోలిస్తే. ఎక్కడి నుంచి వచ్చింది ఆ పొదుపు? కండరం కదలకుండా బిగబట్టి ఉన్నా ఇంధనం కాలుతూనే ఉంటుంది. బిందె ఎత్తి పట్టుకుని ఊరికే నిలబడినా చేయి నొప్పెడుతుంది కదా. పిక్క కండరం చేసే ఆ బిగింపు పనిలో కొంత స్ప్రింగు పంచుకుంది. ఇంకా గట్టి స్ప్రింగు పెడితే ఇంకా లాభం వస్తుందేమోనని చూస్తే, ఒక స్థాయి దాటాక లాభమంతా హరించుకుపోయింది. ఒక కీలు దగ్గర సాయం ఎక్కువైతే ఒళ్లు మరోచోట సర్దుకోవాల్సి వస్తుంది. సాయానికీ ఒక మోతాదు ఉంటుందని, అది దాటితే ఇబ్బందిగా మారుతుందని ఈ ప్రయోగం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు. పక్షవాతం వచ్చినవారి విషయంలో ఈ మాట మళ్లీ గుర్తుచేసుకుంటాం.

ఆ తర్వాత అంకెలు వేగంగా పెరిగాయి. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, నడిచే మనిషి శ్వాసను కొలుస్తూనే, ఆ మనిషికి ఏ క్షణంలో ఎంత తోపు ఇస్తే బాగుంటుందో కంప్యూటరే వెతుక్కునేలా చేసి, సగటున 24 శాతం దాకా తగ్గించారు. వార్తల్లో ఈ 24 బాగా తిరిగింది. ఇక్కడే మనం ఆగి, దేనితో పోల్చి అని అడగాలి. ఆ పోలిక అదే యంత్రం కాలికి ఉండి, సాయం మాత్రం ఇవ్వకుండా నడిచిన నడకతో. పరిశోధనకు అది సరైన పోలికే. సాయం వల్ల ఎంత లాభమో విడిగా తెలుసుకోవాలంటే అలాగే చేయాలి. కొనుక్కునేవారికి మాత్రం అది సరిపోదు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ ఆపేసిన యంత్రాన్ని కాలికి కట్టుకుని నడవరు. వారి ఎదుట ఉన్న రెండో దారి తమ చెప్పులే.

ఆ రెండో రకం పోలికతో వచ్చిన పరిశోధనలూ ఉన్నాయి కాబట్టి నేను నిరాశ చెప్పడం లేదు. 2019లో హార్వర్డ్‌కు చెందిన బృందం, బరువులో ఎక్కువ భాగం నడుము మీదే ఉండేలా, మొత్తం 5 కిలోల మెత్తటి తొడుగుతో తుంటికి సాయమిచ్చి, అసలు తొడుగు లేని నడకతో పోలిస్తే 9 శాతం పైగా తగ్గింపు చూపించింది. 2022లో స్టాన్‌ఫర్డ్ బృందం మరో అడుగు వేసి, ప్రయోగశాల దాటి వీధి కాలిబాట మీదికి వచ్చింది. బూటుకు అమర్చిన మోటారు యంత్రంతో, తమకు నచ్చిన వేగంతో నడిచినవారు, మామూలు బూట్లతో నడిచినప్పటి కంటే 9 శాతం వేగంగా వెళ్తూ, అదే దూరానికి 17 శాతం తక్కువ శక్తి ఖర్చుచేశారు. ఈ రెండు అంకెలనూ నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ అక్కడ నడిచినవారు ఆరోగ్యవంతులు.

ఇంకో రెండు సంగతులు ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. మొదటిది, పొదుపు అయిన శక్తి నడిచేవారికి తెలుస్తుందా అన్నది. 2022లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. తేడా సగటున 23 శాతం దగ్గరికి వస్తే తప్ప, సాయం ఎక్కువైందో తక్కువైందో శ్రమను బట్టి మనుషులు నమ్మకంగా పోల్చుకోలేకపోయారు. అంటే మాస్కు 10 శాతం లాభం చూపించినా, నడిచే మనిషికి అది తెలియకపోవచ్చు. రెండోది అలవాటు. యంత్రంతో నడవడం కూడా ఒక విద్యే. 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం చీలమండ యంత్రంతో నేర్పు రావడానికి దాదాపు రెండు గంటల నడక పట్టింది, వచ్చిన మొత్తం లాభంలో సుమారు సగం ఆ అభ్యాసం వల్లే వచ్చింది. ప్రదర్శనలో అయిదు నిమిషాలు కట్టుకుని చూసి, బాగుందనో బాగాలేదనో తేల్చేయడం ఆ యంత్రానికీ న్యాయం కాదు, మనకీ న్యాయం కాదు.

వయసు మీదపడినవారి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. వయసుతోపాటు నడక ఖరీదవుతుంది. అదే వేగానికి పెద్దవారి ఒళ్లు ఎక్కువ ఇంధనం కాలుస్తుంది. చీలమండ తోపు తగ్గి, ఆ పనిని తుంటి మీద వేసుకుంటారు. కాబట్టి తుంటికి తోడ్పడే తేలికపాటి యంత్రం వారికి ఒప్పుతుందన్న ఊహకు ఆధారం ఉంది. అయితే నా దగ్గరికి వచ్చే పెద్దవారిలో నేను ఎక్కువ శక్తి ఖర్చుచేస్తున్నానని బాధపడినవారు ఒక్కరూ లేరు. మోకాలు నొప్పి అంటారు, పడిపోతానేమోనని భయం అంటారు. శ్వాసలో పొదుపు వేరు, మోకాటి కీలు మీద పడే ఒత్తిడి వేరు. మొదటిది తగ్గినంత మాత్రాన రెండోది తగ్గినట్టు కాదు. పడిపోవడం సంగతి ఇంకా వేరు. నడుముకు కట్టుకునే ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం తొడను ముందుకూ వెనక్కూ మాత్రమే తోస్తాయి. పక్కకు తూలే మనిషిని అవి ఆపలేవు. ఆ పని ఒక మంచి చేతికర్ర చేస్తుంది. కాబట్టి పెద్దవారి విషయంలో పోలిక చేతికర్రతోను, కాళ్ల బలం పెంచే వ్యాయామంతోను జరగాలి. చాలా ప్రకటనల్లో ఆ పోలిక అసలు కనిపించదు.

వెన్నుపాము దెబ్బతిన్నవారి దగ్గర ప్రశ్న బరువెక్కుతుంది. 2014 జూన్‌లో రెండు సంఘటనలు జరిగాయి. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ప్రారంభోత్సవంలో, కాళ్లు చచ్చుబడిన ఒక యువకుడు మెదడు శాస్త్రవేత్త మిగెల్ నికొలెలిస్ బృందం తయారుచేసిన యంత్రంతో బంతిని తన్నాడు. అదే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రీవాక్ అనే యంత్రాన్ని ఇళ్లలో వాడుకోవడానికి అనుమతించింది. దాన్ని కనిపెట్టిన ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ స్వయంగా ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి. చేతుల్లో తగిన బలం లేక, ఊతకర్రలు పట్టుకోవాల్సిన తన యంత్రాన్ని తానే వాడుకోలేకపోయాడు. ఆ తర్వాత ఆయన మనిషిని నిలబెట్టి తీసుకెళ్లే చక్రాల బండిని తయారుచేశాడు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్న మనిషి చివరికి చక్రాల వైపు మళ్లడాన్ని నేను ఓటమిగా చూడను. అవసరం తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయంగా చూస్తాను.

వీడియోల్లో కనిపించని భాగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. చక్రాల కుర్చీ నుంచి, యంత్రాన్ని కూర్చోబెట్టిన బల్ల మీదికి చేతుల బలంతో జరగాలి. ఒక్కొక్క కాలినీ చేతులతో ఎత్తి చట్రంలో పెట్టుకోవాలి. పాదం బూటులో సరిగ్గా దిగిందో లేదో వేళ్లతో తడిమి చూసుకోవాలి, ఎందుకంటే వేలు మడతపడినా తెలిసే స్పర్శ లేదు. తొడకు, మోకాలి కింద, పొట్టకు పట్టీలు బిగించాలి. కర్రలు పట్టుకుని, మీట నొక్కి, యంత్రం లేపుతుంటే ముందుకు వంగి లేవాలి. ఇదంతా అయ్యాక మొదటి అడుగు. విప్పిన తర్వాతా పని ఉంటుంది. పట్టీలు ఆనిన ప్రతిచోటా చర్మం ఎర్రబడిందేమో చూడాలి, వెనక వైపు అద్దం పెట్టి చూడాలి. చర్మం మీద రూపాయి బిళ్లంత ఎరుపు కాసేపటికి పోకపోతే మర్నాడు యంత్రం కట్టుకోకూడదు, ఎందుకంటే స్పర్శలేని చోట చిన్న ఒరుపు పుండుగా మారి నెలల తరబడి మంచానికి కట్టిపడేస్తుంది. పట్టీలు ఆనిన మేర చర్మం రోజూ చూసుకునే శ్రద్ధ లేని ఇంట్లో ఈ యంత్రం ఉండడం ప్రమాదమని నా అభిప్రాయం.

ఇంత చేసి ఎంత వేగంతో నడుస్తారు? వెన్నుపాము దెబ్బతిన్నవారిపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో సగటు వేగం సెకనుకు 0.26 మీటర్లు. వంద మీటర్లు వెళ్లడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. 12 మీటర్ల రోడ్డు దాటడానికి ముప్పావు నిమిషం పడుతుంది; మామూలు నడకలో అది పది సెకన్ల పని. రెండు చేతులూ కర్రలకే అంకితం కాబట్టి మంచినీళ్ల గ్లాసు ఒక గదిలోంచి మరో గదిలోకి తీసుకెళ్లడం సాధ్యం కాదు. పక్కన శిక్షణ పొందిన తోడు ఉండాలన్నది 2014 నాటి అనుమతిలోనే ఉన్న షరతు. ఎత్తుకూ బరువుకూ పరిమితులున్నాయి. రీవాక్ విషయంలో ఎత్తు 160 నుంచి 190 సెంటీమీటర్లు, బరువు 100 కిలోలలోపు. ఏళ్ల తరబడి నిలబడని కాళ్లలో ఎముక పలచబడుతుంది కాబట్టి, ఎముక సాంద్రత పరీక్ష చేయకుండా నిలబెడితే విరిగే ప్రమాదముంది. కీళ్లు బిగుసుకుపోయినవారికీ, కాళ్లు విపరీతంగా కొంకర్లు పోయేవారికీ ఇది పనికిరాదు.

కొత్త తరం యంత్రాల్లో కర్రల అవసరం లేకుండా తమంతట తామే తూకం నిలుపుకునేవి ఉన్నాయి. పారిస్‌లోని వాండర్‌క్రాఫ్ట్ సంస్థది అలాంటిదే. చేతులు ఖాళీగా ఉండటం చాలా పెద్ద విషయం. అయితే వాటి వాడకం ఇప్పటికి ఎక్కువగా చికిత్సా కేంద్రాల్లోనే ఉంది.

చక్రాల కుర్చీతో పోల్చిన పరీక్ష ఒకటి ఉంది, ఈ ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవాల్సిన పరిశోధన ఏదైనా ఉంటే అదే. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి, వెన్నుపాము దెబ్బతిన్న 161 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశాయి. ఒక గుంపుకు చక్రాల కుర్చీతోపాటు ఇంట్లో వాడుకోవడానికి ఎక్సోస్కెలిటన్ ఇచ్చారు, మరో గుంపు చక్రాల కుర్చీతోనే కొనసాగింది. నాలుగు నెలల తర్వాత చూస్తే, మానసిక ఆరోగ్యం విషయంలో వారు ముందే నిర్ణయించుకున్న కొలతలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2024లో ఈ ఫలితం వెలువడింది. చిన్న చిన్న పరిశోధనల్లో మలబద్ధకం తగ్గిందని, కాళ్ల బిగుతు సడలిందని రాసిన మాట నిజమే, అవి నేనూ చదివాను. కానీ పోల్చడానికి మరో గుంపు లేని చోట వచ్చిన మంచి మాటల కంటే, పోలిక పెట్టుకుని వచ్చిన ఈ ఫలితానికి నేను ఎక్కువ విలువిస్తాను.

అయితే నిలబడటం వల్ల మనిషికి కలిగే సంతోషాన్ని నేను తక్కువ చేయను. ఏళ్ల తర్వాత నిటారుగా నిలబడి, బీరువా పై అర చూసిన మనిషి ముఖాన్ని నేను చూశాను. ఆ అరలో ఏముందో కూడా ఆయన మరచిపోయాడు. దానికి విలువ ఉంది. కాళ్లు పూర్తిగా చచ్చుబడినవారికి ఈ యంత్రం నిలబడే సాధనం, వ్యాయామ సాధనం. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లడానికి మాత్రం ఈనాటికీ చక్రాల కుర్చీయే నమ్మదగినది. ఈ తేడా ముందే విడమరచి చెప్పిన చోట నిరాశ తక్కువ. చెప్పకుండా ఆశ పెట్టిన చోట, యంత్రం కొన్నాళ్లకే గది మూలకు చేరుతుంది. ఎక్సోస్కెలిటన్లు వచ్చేస్తున్నాయి కదా అని మెట్ల పక్కన ర్యాంపు కట్టడం మానేసే ఆలోచన ఎక్కడైనా ఉంటే, దాన్ని గట్టిగా వ్యతిరేకించాలి.

పక్షవాతం విషయంలో చిత్రం ఇంకాస్త ఆశాజనకంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ యంత్రం పని నడిపించడం కంటే నడక నేర్పించడం. మెదడులో దెబ్బతిన్న దారులకు బదులు మిగిలిన దారులు పని నేర్చుకోవాలంటే అదే కదలిక వందలసార్లు జరగాలి. నిలబడలేని రోగిని పట్టుకుని, ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చెరో పక్క వంగి కాలు ఎత్తి ముందుకు వేయిస్తుంటే, కొన్ని పదుల అడుగులకే మా నడుములు పట్టేస్తాయి. యంత్రం అలసిపోదు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ, యంత్రసాయంతో నడక శిక్షణ మీద జరిగిన పరీక్షలన్నిటినీ సమీక్షించి ఏం తేల్చిందంటే, ఫిజియోథెరపీకి ఇలాంటి యంత్రాలను జోడించినప్పుడు, ఇతరుల ఊతం లేకుండా నడిచే స్థితికి చేరేవారి సంఖ్య పెరుగుతుంది. ఆ మేలు పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో, అప్పటికి ఏమాత్రం నడవలేనివారిలో ఎక్కువ. ఇప్పటికే నడుస్తున్నవారికి, ఏళ్లు గడిచినవారికి యంత్రం అదనంగా ఇచ్చేది అంతగా కనిపించదు. కాబట్టి నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి, కర్రతో నడుస్తున్న తండ్రి కోసం అడిగే కూతురికి, ఆ డబ్బూ ఆ సమయమూ రోజువారీ వ్యాయామం మీద పెట్టమ్మా అని చెబుతాను. మొన్ననే పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్న తండ్రి కోసం అడిగితే, అలాంటి యంత్రం ఉన్న పునరావాస కేంద్రం అందుబాటులో ఉంటే తప్పక తీసుకెళ్లమని చెబుతాను.

ఇక్కడ మళ్లీ ఆ స్ప్రింగు పాఠం. యంత్రమే కాలిని మొత్తం కదిలిస్తుంటే రోగి ఒళ్లప్పగించి ఊరుకుంటాడు, మెదడు ఏమీ నేర్చుకోదు. సాయం ఎంత అవసరమో అంతే ఇచ్చి, రోగి ప్రయత్నం పెరిగే కొద్దీ తగ్గిస్తూ రావాలి. జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన యోషియుకి సంకాయ్ రూపొందించిన హాల్ అనే యంత్రం ఈ సూత్రం మీదే నిలబడింది. కదలాలని మనిషి తలచినప్పుడు కండరం పైన చర్మం మీదికి వచ్చే సన్నని విద్యుత్ సంకేతాన్ని చదివి, ఆ ప్రయత్నానికి తోడు వెళ్తుంది. నెమ్మదిగా ముదిరే కొన్ని నరాల, కండరాల జబ్బుల చికిత్సకు జపాన్ దాన్ని 2015లో అనుమతించింది.

పిల్లల విషయంలో ఒక చిన్న పరిశోధన నాకు ఎంతో ఆశ కలిగించింది. సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం, కారణంగా మోకాళ్లు వంగిపోయి, కుంగి నడిచే ఏడుగురు పిల్లలకు మోకాలిని చాపడంలో సాయపడే యంత్రాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు కట్టి చూశారు. 2017లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఏడుగురిలో ఆరుగురికి మోకాలు మెరుగ్గా చాచుకుంది. నాకు ముఖ్యమనిపించింది మరొకటి: సాయం అందింది కదా అని పిల్లల కండరాలు పని మానేయలేదు. ఇలాగే, పార్కిన్సన్స్ జబ్బులో నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయే స్థితిని, తుంటికి మెత్తటి తొడుగుతో ఇచ్చిన చిన్న సాయం ఇంటిలోపలి నడకలో దాదాపు లేకుండా చేసిందని 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. అది ఒకే ఒక్క వ్యక్తి మీద జరిగింది. ఒకరిలో ఫలించినది వందమందిలో ఫలిస్తుందో లేదో చూడాల్సి ఉంది. అయినా ఆ ఒక్కరి విషయంలో వచ్చిన మార్పు మందులతో సాధారణంగా చూసేది కాదు.

చివరగా, ప్రయోగశాల ఎప్పుడూ కొలవనిది ఒకటి ఉంది: మరమ్మతు. 2024లో అమెరికాలో ఒక వ్యక్తి పదేళ్లుగా వాడుకుంటున్న నడక యంత్రం, చేతి గడియారంలాంటి మీటలో బ్యాటరీ తీగ ఊడిపోవడంతో ఆగిపోయింది. యంత్రం వయసు అయిదేళ్లు దాటింది కాబట్టి బాగుచేయబోమని ముందు తయారీదారు అన్నారు. విషయం పత్రికలకెక్కి నలుగురూ అడిగాక గాని అది బాగుపడలేదు. చెప్పు తెగితే కుట్టించుకుంటాం, చక్రాల కుర్చీ టైరు పోతే మార్చుకుంటాం. కాళ్లే అయిన వస్తువు చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లలో, ఎన్నేళ్ల దాకా అన్నది కొనేముందే కాగితం మీద రాయించుకోవాలి.

నా దగ్గరికి ఎవరైనా ఇలాంటి యంత్రం ప్రయత్నించడానికి వస్తే, ముందు దాన్ని పెట్టెలోనే ఉంచమంటాను. మొదట వారు రోజూ వాడే చెప్పులతో, కర్రతో, లేదా చక్రాల కుర్చీతో ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్లగలరో కొలిచి రాసుకుంటాము. ఆ తర్వాత యంత్రంతో, అదీ మొదటి రోజు కాకుండా కొన్నాళ్లు అలవాటయ్యాక, కట్టుకోవడానికి పట్టిన సమయంతో సహా అదే దూరాన్ని కొలుస్తాము. నడక శిక్షణ కోసం వచ్చినవారైతే, కొన్ని వారాల తర్వాత యంత్రం విప్పేసి మరోసారి ఆరు నిమిషాలు నడిపిస్తాము. కాగితం మీద ఆ మూడు అంకెలూ పక్కపక్కన పడ్డాక, రోగీ, ఇంటివారూ, నేనూ కూర్చుని మాట్లాడుకుంటాము.